దానియేలన్న తాళం తీసిన పెళ్లి డిస్కు

మొన్న పాత కంప్యూటర్‌ను అమ్మకానికి తీసి మీట నొక్కితే, లోపలి డ్రైవు కీచుమంటూ గిర్రున తిరిగింది. ఆ చప్పుడుకు దానియేలన్న గుర్తొచ్చాడు.

అప్పట్లో నిజామాబాద్ బస్టాండు దగ్గర డిస్కులు కాపీ చేసే దుకాణంలో మేమిద్దరం వాటాదారులం. కిరాణావాళ్ల ఇంట్లో పుట్టిన నాది బేరం, ఆయనది కంప్యూటరు. కాపీ కాకుండా డిస్కులకు వేసే తాళాన్ని తీసే సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర ఉండేది. కొత్త సినిమాలు కాపీ చేద్దామని నేను రోజూ పోరేవాణ్ణి. ఆయన మాత్రం ప్రతి గిరాకినీ ఒకటే అడిగేవాడు: “గీ డిస్కుల ఎవరి ముఖాలున్నయి?” సొంతవాళ్ల ముఖాలైతేనే తాళం తీసేవాడు.

“గిట్లయితే ముఖాలు సూస్కుంట కూసోవాలె మనం,” అని నేనంటే, “రోజు నీ ముఖం సూస్తలేనా? అలవాటైంది తియ్యి,” అనేవాడు.

ఒకరోజు మాక్లూర్ నుంచి మార్తక్క కూతురితో వచ్చింది. ఆ పిల్ల పుట్టకముందే భర్త దుబాయిలో చనిపోయాడు. మిగిలింది వాళ్ల చర్చి పెళ్లి డిస్కు ఒక్కటే. కాపీ కావాలంటే తన దగ్గరికే రావాలని వీడియో తీసినవాడు దానికి తాళం వేశాడు, తర్వాత దుకాణమే ఎత్తేశాడు. డిస్కు అంచున సన్నటి పగులు; పెడితే పూర్తిగా పగిలిపోతుందని ఇంట్లో ఎప్పుడూ పెట్టలేదు.

“ఆయన గొంతు దీంట్లనే ఉందన్నా. మా బిడ్డ ఎన్నడు ఇనలే.”

దానియేలన్న వాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తాళం తీసి, అతి తక్కువ వేగంతో కాపీ మొదలుపెట్టి, “ముట్టకు,” అని నాకు చెప్పి, చాయ్‌కి వెళ్లాడు. ఇంతలో ఇద్దరు గిరాకులొచ్చి తొందరపెట్టారు. పక్క దుకాణానికి పోతారేమోనని నేను వేగం పెంచాను. డిస్కు లోపలే పగిలిపోయింది.

పెళ్లి సగం దాకే కాపీ అయింది. తిరిగొచ్చిన దానియేలన్నతో, “తాళం గట్టిదుండె, గందుకే పలిగిందని మార్తక్కకు చెప్త,” అన్నాను.

“తాళం నేను తీసిన. డిస్కు నువ్వు పలగ్గొట్టినవ్. గదే చెప్పు.”

చెప్పాను. మార్తక్క కూతుర్ని లోపలికి తెచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. “ఉన్నకాడికి పెట్టుండ్రి,” అంది.

తెర మీద చర్చి గుమ్మంలో పెళ్లికొడుకు మెడ సవరించుకుంటున్నాడు. “ఈ టై ఎవడు కట్టిండుర, ఊపిరాడ్తలేదు!” పిల్ల పకపకా నవ్వి, “మల్లొకసారి!” అంది. మళ్లీ పెట్టాం. పాస్టరు గారు పెళ్లికొడుకుని అడిగిన ప్రశ్న దగ్గర బొమ్మ ఆగిపోయింది.

మార్తక్క కూతుర్ని దగ్గరికి తీసుకుంది. “గాడ మీ బాపు ‘ఒప్పుకుంటున్న’ అన్నడు. ఎంత గట్టిగన్నడంటే అందరు నవ్విండ్రు.”

ఇప్పటికీ నా చేతిలో ఎవరి వస్తువు చెడినా, నాలోని బేరగాడు నోరు తెరిచేలోపే చెడగొట్టింది నేనని చెప్పేస్తాను. నాకు నష్టం తెచ్చే అలవాటు ఇదొక్కటే. దానియేలన్న లేకపోతే ఇదీ అబ్బేది కాదు.