చావులు లేని బమ్రోలి

మొన్న బ్యాంకులో, నేను బతికే ఉన్నానని రుజువు చూపించి పింఛను నిలబెట్టుకోవడానికి ఎన్నిసార్లు వేలు పెట్టినా యంత్రం నమ్మలేదు. నా ఈడువారికి ఈ తిప్పలు కొత్తవి కావు. కుర్చీలో కూలబడి అనుకున్నాను, ఒక మనిషి ఉన్నాడనో పోయాడనో కాగితం మీదికి ఎక్కించడం ఎంత కష్టమో నాకు సూరత్‌లోనే తెలిసొచ్చిందని.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళవి. అక్కడొక బీమా కార్యాలయంలో నా పని, మరమగ్గాల కార్మికులు ఏ వయసులో ఎందరు పోతారో, మిగిలినవారు ఇంకా ఎన్నేళ్ళు బతుకుతారో పట్టిక కట్టడం. దానికి ఉన్నవారి లెక్క కావాలి, పోయినవారి లెక్క కావాలి. మొదటిది పాత జనగణనది. ఆ కార్మికులుండే సూరత్ శివారు బమ్రోలి గదుల్లో పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకుంటుంటే తలలు ఎవరు సరిగ్గా లెక్కపెట్టగలరు? రెండోది నగరంలోని మరణాల రిజిస్టరు. ఎలా కట్టినా, నలభై దాటిన మగ్గం మనిషికి చావే లేదన్నట్టు తేలేది. మా పైఅధికారి, గుజరాతీ పెద్దమనిషి, అయితే మనమూ మగ్గం నేద్దాం పదండని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు, కళ్ళు మండేవి.

ఆ రోజుల్లోనే మా చిన్నాయనకు దగ్గు ముదిరింది. కరీంనగర్ వైపు మా ఊరి నుంచి ఎప్పుడో వచ్చి, బమ్రోలిలో మగ్గం దగ్గరే తల నెరిసిన మనిషి. నేను ఆసుపత్రిలో మంచం మాట్లాడి వెళ్ళేసరికి గదివాళ్ళు ఊరికి రైలు టికెట్ తెచ్చేశారు. అక్కడి ఆనవాయితీ అది: షిఫ్టంతా నిలబడలేని మనిషిని, ఇంకా తన కాళ్ళతో నడవగలిగినప్పుడే ఒకరిని తోడిచ్చి రైలెక్కిస్తారు. నేను గట్టిగానే పట్టుబట్టాను. "జర ఇడిసిపెట్టు బిడ్డా, ఈడ సస్తె మీ చిన్నమ్మకు నా మొకం గూడ దక్కది" అన్నాడు. ఆయన చేతిసంచి అందుకొని స్టేషనుకు బయలుదేరదీశాను.

స్టేషన్లో ఆయనను కూర్చోబెట్టి చూద్దును కదా, దుప్పట్లు కప్పుకొని, తోటివాళ్ళ భుజాలకు ఆనుకొని, అలాంటివాళ్ళే మరికొందరు. నా పట్టికకు అందని చావులు ఎటు పోతున్నాయో అప్పుడు బోధపడింది. మరునాడు చెబితే పైఅధికారి ఈసారి నవ్వలేదు. వాళ్ళ ఊళ్ళలో నమోదైన మరణాలూ కలుపుదాం, ఉత్తరాలు రాయండి అన్నారు. రాశాను. జవాబులు అరకొరగా వచ్చాయి, పట్టిక చివరికి అంచనాలతోనే ముగిసింది.

చిన్నాయన మా ఊరి లెక్కలోనూ లేడు. మహారాష్ట్ర దాటకముందే బండిలో ప్రాణం పోయిందట. ఏదో స్టేషన్లో దించితే, తోడు వెళ్ళినవాడు అక్కడే దహనం చేయించి, చేతిసంచి మాత్రం తెచ్చి చిన్నమ్మకు అప్పగించాడు. ఆపి ఉంటే బతికేవాడా అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. వేలమంది ఆయుష్షు లెక్కకట్టిన నాకు ఆయన ఒక్కడిదీ తెలియదు.

ఇప్పుడు ఆ గదుల్లో మనవాళ్ళు తగ్గారట, పట్టికలు కంప్యూటరే కట్టేస్తుందట. వాటి మీద నాకు ఆసక్తి ఎప్పుడో పోయింది. రైళ్ళు మాత్రం మునుపటికంటే వేగంగా పోతున్నాయని విన్నాను. ఆ వేగం అప్పుడే ఉంటే, చిన్నమ్మ ఆయనను కడసారి చూసుకునేది.