బుడేన్ సాహెబు మిగిల్చిన మూరెడు గోడ

ఇరవై ఎనిమిదేళ్ల కువైట్ జీవితంలో బుడేన్ సాహెబు ఒక్క పని కూడా పూర్తి చేయలేదు.

పని రాక కాదు. రాయచోటి నుంచి వచ్చిన బేల్దార్లలో ఆయన చేతికి సాటి లేదు. ఆయన పరిచిన బండల మీద గోలీ పెడితే ఎటు దొర్లాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. కానీ వంద బండలు పరవాల్సిన చోట తొంభై తొమ్మిది పరిచి, చేతులు కడుక్కుని, "మిగిలింది మళ్లొచ్చి చేస్తా" అని వెళ్లిపోతాడు. మూడు కిటికీలకు రంగు వేయమంటే రెండున్నర కిటికీలకు వేస్తాడు. కువైట్‌లో దిగిన ఎవరికైనా మొదటి రోజే వచ్చేసే మాట ఖలాస్, అంటే అయిపోయింది అని. బుడేన్ సాహెబు నోట ఆ మాట విన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

నేను రాజంపేట వీరేంద్రని. మిర్కాబ్‌లో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో గుమాస్తాని. పని పూర్తయిందని ఇంటివాళ్లతో సంతకం పెట్టించిన కాగితాలు ఫైల్లో పెట్టడం నా ఉద్యోగం. కాబట్టి బుడేన్ సాహెబు వల్ల ఈ భూమ్మీద అందరికంటే ఎక్కువ బాధపడింది నేనే. హైదరాబాదు నుంచి వచ్చిన మా ఇంజనీరు అసిఫ్ రోజూ నా మీద అరుస్తాడు. నేను వెళ్లి సాహెబు మీద అరుస్తాను. సాహెబు నాకు చాయ్ తెప్పిస్తాడు.

"అన్నా, ముబారక్ అల్ కబీర్‌లో ఆ ముసలాయన బాత్రూంలో ఒక్క బండ పదకొండు నెలల నుంచి పెండింగు!"

"వేస్తాలేప్పా. బండ యాడికన్నా పరిగెత్తి పోతాదా?"

"మరి మిష్రిఫ్‌లో వంటింటి తలుపు గడియ?"

"అది పెద్ద పని. తొందరపడితే చెడతాది."

"ఒక్క స్క్రూ అన్నా అది!"

"ఆ స్క్రూనే పెద్ద పని."

నా గదిలో ఆయన కొట్టిన చెక్క అల్మారాకు మూడు అరలున్నాయి. నాలుగో అర గోడకు ఆనించి రెండేళ్లయింది. ప్రతి శుక్రవారం దాన్ని చూడడానికని వస్తాడు. వస్తూ గిన్నెలో బగారా అన్నం తెస్తాడు. ఇద్దరం తింటాం, ఊరి కబుర్లు చెప్పుకుంటాం. లేచేటప్పుడు అల్మారా వైపు తల పంకించి, "ఇంకోతూరి వస్తాలే" అంటాడు. నాకు బుద్ధి రావాల్సింది అప్పుడే. రాలేదు.

ఇలాంటి మనిషికి మా కంపెనీ ఒక చారిత్రక కట్టడాన్ని అప్పజెప్పింది.

మిర్కాబ్‌లో అద్దాల ఆఫీసుల వెనక, కార్లు ఆపే ఖాళీ స్థలం మధ్యలో ఒక మట్టి ఇల్లు మిగిలి ఉంది. ఆఫ్రికా తీరం నుంచి తెచ్చి అమ్మేసిన మనుషులు, ముత్యాల పడవల్లో ఊపిరి బిగబట్టి మునిగిన మనుషులు, స్వేచ్ఛ వచ్చాక చందాలేసుకుని తమకోసం కట్టుకున్న ఇల్లది. పెళ్లైనా, చావైనా, జబ్బైనా ఆ కుటుంబాలన్నీ అక్కడే చేరేవి. పెద్ద డోళ్లు, ఆరు తీగల వాయిద్యం ఒకటి, నడుముకు కట్టుకుని ఊగితే గలగలలాడే మేక గిట్టల పట్టీ ఇప్పటికీ గోడకు వేలాడుతున్నాయి. ఇంటిని చూసుకునే ఉమ్ ఫరజ్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. ప్రతి గురువారం సాయంకాలపు అసర్ నమాజు తర్వాత ఆమె ఈడువాళ్లు మరో అయిదుగురు వచ్చి కూర్చుని వాయించుకుంటారు. వాళ్లవాళ్లు కట్టుకున్న ఇళ్లలో మిగిలింది అదొక్కటే.

పాత కట్టడాలు చూసే ఆఫీసు ఒక కాగితం పంపింది. అక్టోబరు ఆఖరుకు మరమ్మతు పూర్తయితే ఇంటిని కాపాడాల్సిన వాటి జాబితాలో చేరుస్తారు. కాకపోతే కూల్చేసి కార్లకు వదిలేస్తారు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. పని పూర్తయిన రోజే ఇంటికి తాళం వేసి చెవి ఆఫీసులో ఇవ్వాలి, చూడదలచినవాళ్లు అనుమతి తీసుకుని రావాలి. అది నేను చదివాను, ఫైల్లో పెట్టాను, మరిచిపోయాను. బుడేన్ సాహెబు నాతో మూడుసార్లు చదివించుకుని గుర్తు పెట్టుకున్నాడు.

మట్టి పని తెలిసినవాడు మా దగ్గర ఆయనొక్కడే. మట్టి మిద్దెలో పుట్టి పెరిగిన మనిషి. మొదటిరోజే పైకెక్కి, కప్పు మీద మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"చౌడు మన్నప్పా! మా ఊరి చౌడే! వానకు ముందు మేము మిద్దె మీద పోసేది ఇదే!" అని గంతులేశాడు.

కింద నుంచి చూస్తున్న ఉమ్ ఫరజ్ నన్ను పిలిచి, "మీ పనివాడికి అన్నం పెట్టరా? నా ఇంటి కప్పు తింటున్నాడు" అంది.

ఆ పూటే ఇద్దరికీ స్నేహం కుదిరింది. కప్పుకు వేసిన దుంగలు చూపించి ఆమె, "ఇవీ మా తాతలూ ఒకే తీరం నుంచి, ఒకే పడవల్లో వచ్చారు" అని చెప్పింది. అప్పట్నుంచి సాహెబు ఏ దుంగనైనా ముట్టుకునే ముందు సలాం కొట్టేవాడు.

ఆరు వారాల్లో ఇల్లు కళకళలాడింది. కప్పు గట్టిపడింది, గోడలు నున్నబడ్డాయి. ఇక తనిఖీకి అయిదు రోజులుందనగా, గుమ్మం పక్కన మూరెడు గోడ పూయకుండా వదిలేసి, సాహెబు చేతులు కడుక్కున్నాడు.

అసిఫ్ ఫోన్లో ఎగిరాడు. "అరే వీరేంద్రా, ఏం, మజాక్ చేస్తున్నాడా ఆయన? మూరెడు గోడ! నువ్వే పోయి పూసెయ్. దానికి ఇంజనీరు కావాల్నా?"

నాకూ రోషం వచ్చింది. ఒక సిమెంటు సంచి మోసుకెళ్లి, సాహెబు లేనప్పుడు ఆ మూరెడూ పూసి, నా పనితనం చూసుకుని మురిసిపోయాను. మర్నాటికల్లా అది అప్పడంలా లేచి, ఇంకో జానెడు మట్టిని కూడా వెంటబెట్టుకుని కింద పడింది. సాహెబు వచ్చాడు. గోడ మీద చెయ్యి వేసి, "నొప్పయిందామ్మా?" అని గోడను అడిగాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"మట్టికి చెమట పడతాదప్పా. నువ్వు దానికి రెయిన్ కోటు తొడిగినావు. ఊపిరాడక ఇదిలిచ్చుకునింది."

అవమానంతో ఒళ్లు మండి, ఆయన వదిలేసిన పనులన్నీ నేనే పూర్తి చేసి ఆయన మొహాన కొట్టాలని బయలుదేరాను. ముందు ముబారక్ అల్ కబీర్. చక్రాల కుర్చీలో ఉన్న ముసలాయన తలుపు తీసి, నా చేతిలో బండ చూశాడు.

"బుడేన్ ఏడి?"

"నేను వేసేస్తాను బాబా. అయిదు నిమిషాలు."

"వేసేస్తే మంగళవారం నాతో డామా పావులు కదిపేదెవరు? నువ్వా? నీ మొహం చూస్తే ఓడిపోయేలా ఉన్నావు."

నేను తేరుకునేలోగా బండ లాక్కుని దాని మీద కూర్చున్నాడు. ఆయన్ని లేపి బండ తీసుకునే ధైర్యం నాకు లేదు.

అక్కణ్నుంచి మిష్రిఫ్ వెళ్లాను. వంటింటి తలుపు తీసింది అక్కడ పనిచేసే గురమ్మ, మన కడప వైపు మనిషి. నా చేతిలో స్క్రూడ్రైవరు చూడగానే ఆమె మొహం చిన్నబోయింది.

"అది బిగించొద్దు నాయనా, నీకు పున్నెముంటాది," అంది గొంతు తగ్గించి. "మా మామా, అదే ఈ ఇంటి దొరసాని, పనోళ్లనైతే రానిస్తాది, చుట్టాలూ పక్కాలూ అంటే గేటు కాడే పంపించేస్తాది. సాయిబన్న నెలకొకతూరి గడియ చూసేదానికని వచ్చి, ఊర్లో మా పిల్లోల్ల సంగతులు చెప్పిపోతాడు. వాళ్ల ఫోటోలు సూపిస్తాడు. నువ్వు ఆ స్క్రూ బిగిస్తివంటే ఆయన ఏమని వచ్చేది?"

స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, తలుపు అటూ ఇటూ ఊపి, "ఇది పెద్ద పనిలే అక్కా" అని చెప్పి వచ్చేశాను. కారెక్కాక నా గదిలో గోడకు ఆనించిన నాలుగో అర గుర్తొచ్చింది. దానితోపాటే రెండేళ్లుగా తిన్న బగారా అన్నం కూడా. ఈ ఊళ్లో నాకంటూ ఎవరూ లేరని ఆయనకు తెలుసు, నాకే తెలియదు.

సాహెబు మట్టి ఇంటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ముందే చెప్పొచ్చు కదన్నా!"

"ఏమని చెప్పాల? ఈ దేశంలో మనం బెల్లు కొడితే లోపల్నుంచి 'ఏం పని?' అంటారు. పనేం లేదు, ఊరికే చూసిపోదామని వచ్చినా అంటే తలుపు తీస్తారా? అందుకే రోంత మిగిలిచ్చుకుంటాండా."

"మరి ఈ ఇంట్లో ఎందుకు మిగిల్చావు? వీళ్లు నిన్ను ఎప్పుడైనా రానిస్తారుగా?"

"ఇది నా కోసరం కాదప్పా. నేను అయిపోయిందంటే ఆపొద్దే తాళం పడతాది. వాళ్లింటికి వాళ్లే పర్మిషన్ తీసుకోని రావాల. అయిపోలేదంటే పడగొడతారు. మూడు దినాల నుంచి కూడు సయించలే. ఏం చేయాల్నో నువ్వు చెప్పు, సదువుకున్నోడివి."

నేను కూడా పక్కనే కూలబడ్డాను.

గురువారం పొద్దున తనిఖీకి కువైటీ మేడం వచ్చింది. నల్ల అబాయా, ఎర్ర ఫైలు, నవ్వని మొహం. ఉమ్ ఫరజ్, ఆ అయిదుగురూ గోడ వారగా బెంచీ మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మేడం కప్పు చూసింది, దుంగలు చూసింది, బాగుందంది. గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఇదేమిటి?"

అసిఫ్ నావైపు చూశాడు. నేను సాహెబు వైపు చూశాను. సాహెబుకు చూడ్డానికి ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి గోడవైపు చూశాడు. అప్పుడు తన ఇరవై ఎనిమిదేళ్ల అరబ్బీనంతా కూడగట్టుకున్నాడు.

"ఈ పని కాలేదు మేడం. ఎప్పటికీ కాదు."

అసిఫ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"మట్టి ఇల్లు ఏటేటా వానకు ముందు పూయాలి. మా ఊరి మిద్దె అంతే. మనుషులు మసలని మట్టి ఇల్లు మూడేళ్లు నిలవదు. తాళం వేస్తే మీకు ఆఖర్న మిగిలేది తాళమే."

ఆయన మేడాన్ని వెనక గదికి తీసుకెళ్లాడు. సామాను పడేసి రెండేళ్లు మూసి ఉంచిన గది అది. ఒక మూల మరమ్మతు చేయకుండా, ఎలా ఉన్నది అలాగే వదిలాడు. అక్కడి గోడ వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. తర్వాత ప్రతి గురువారం మనుషులు కూర్చునే ముందు గదిలో, ఆయన చెయ్యి పడని పాత గోడ చూపించాడు. అది రాయిలా ఉంది. మేడం రెండూ ముట్టుకుంది, వేళ్ల మీది మట్టి చూసుకుంది.

"ఏటేటా పూయడానికి మా దగ్గర మనుషులెవరున్నారు?"

జవాబు చెప్పాల్సిన ఉమ్ ఫరజ్ అప్పటికే అంగీ చేతులు పైకి మడిచేసింది. "మా అమ్మ పూసింది. మేమూ పూశాం. ఇన్నేళ్లలో మమ్మల్ని అడిగిందెవరు?"

ఆ తర్వాత జరిగింది మా కంపెనీ ఏ ఫైల్లోనూ ఎక్కలేదు. ఒకాయన డోలు దించాడు. ఇంకొకాయన మేక గిట్టల పట్టీ నడుముకు కట్టుకుని, ఆ దరువుకు గడ్డి కలిపిన మట్టిని కాళ్లతో తొక్కాడు. అందరి వయసూ కలిపితే నాలుగు వందల యాభై ఏళ్లుండే బేల్దారి ముఠా మూరెడు గోడ మీద పడింది. సాహెబు చుట్టూ తిరుగుతూ, "అట్ల కాదు యుమ్మా, ఇట్ల" అన్నాడు. ఉమ్ ఫరజ్ మట్టి చేత్తోనే ఆయన వేళ్ల మీద ఒక్కటి వేసింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ పూస్తున్నాను. అవతల నిలబడు!"

అరగంటలో గోడ, గంటలో వెనక గది మూల అయిపోయాయి. మేడం అబాయా మీద మూడు చోట్ల మట్టి పడింది, ఆమె తుడుచుకోలేదు. ఫైలు తెరిచి, చిన్న అక్షరాల వాక్యాన్ని కొట్టేసి, పక్కన రాసింది: సంరక్షణ ఇంటివాళ్లది, తాళంచెవి వాళ్ల దగ్గరే. "పైవాళ్లతో నేను మాట్లాడతాను" అంది. మాట్లాడింది కూడా. పదిహేను రోజులకు ముద్ర పడిన కాగితం వచ్చింది, ఇల్లు జాబితాలో చేరింది. పని పూర్తయిందా అన్న గడిలో మాత్రం ఆమె, ఈ ఏటికి పూర్తయింది, అని రాసిచ్చింది. అలాంటి కాగితం ఏ ఫైల్లో పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.

గోడ పూసిన ఆ గురువారం అందరూ సంబరంలో ఉంటే సాహెబు ఒక్కడే మూలన కూర్చుని తాపీ కడుగుతున్నాడు. కడిగిన తాపీనే మళ్లీ కడిగాడు. సంచి భుజాన వేసుకుని, "ఇంక నాకీడ పనేం లేదు యుమ్మా, వస్తా" అన్నాడు.

"వచ్చే గురువారం అసర్ తర్వాత రా" అంది ఉమ్ ఫరజ్.

"ఏం పనుండాది?"

"పనేమీ లేదు. ఊరికే రా."

సాహెబు ఆ మాట అర్థం కానట్టు నా వైపు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ఊళ్లో ఆయన్ను ఊరికే రమ్మన్నవాళ్లు లేరు. నేను నవ్వాలని చూశాను, సరిగ్గా కుదరలేదు.

గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి లేకుండా వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబుల్లో, ఒకసారి వెనక్కి పెట్టుకున్నాడు. ఉమ్ ఫరజ్ ఆయన అవస్థ చూడలేక ఒళ్లో డోలు పెట్టి వాయించమంది. గోడలు కట్టడంలో అంత లెక్క తెలిసిన మనిషి చేతికి దరువన్నది అసలు అందలేదు. పట్టీ కట్టుకున్న పెద్దాయన రెండుసార్లు అడుగు తప్పి ఉమ్ ఫరజ్ ఒళ్లో పడబోయాడు. ఆపమని మాత్రం ఒక్కరూ అనలేదు. సాహెబు కళ్లు మూసుకుని సాయంత్రం దాకా వాయిస్తూనే ఉన్నాడు.