కరెంటు బాబు గోడ వైద్యం

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, అనకాపల్లిలో సూది వెయ్యనివాణ్ణి ఎవరూ వైద్యుడనుకునేవారు కారు. నేను ఫిజియోథెరపీ చదివి ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరాను. డాక్టరుగారు చీటీ రాస్తే నొప్పి ఉన్నచోట కరెంటు మెషిను పెట్టడమే నా పని, అందుకే నా పేరు ‘కరెంటు బాబు’. సాయంత్రాలు మాత్రం గ్రంథాలయంలో కూర్చుని, కొన్ని దేశాల్లో మా ఫిజియోథెరపీవాళ్ళు డాక్టరు చీటీ లేకుండా రోగుల్ని తామే నేరుగా చూస్తారని చదివి, ఆ సంగతి డాక్టరుగారి చెవిన రోజూ వేసేవాణ్ణి. (పాపం, ఆయన టిఫిన్ తినే వేళ చూసి.) చివరికి విసిగి, “సరేనయ్యా, భుజం పట్టేసినవాళ్ళని ఇకనుంచి నువ్వే చూడు. ఒక్క ఫిర్యాదు నా గదిలోకి వచ్చిందా, మళ్ళీ మెషినే” అన్నారు.

నా తొలి రోగి చీడికాడ నుంచి వచ్చిన ఒక మామ్మ. ప్రార్థనలో రెండు చేతులూ ఎత్తలేకపోతున్నానని ఆవిడ దిగులు. నేను చదివినదంతా ఏకరువు పెట్టి, గోడ మీద వేళ్ళను మెల్లగా పైకి పాకించమన్నాను.

“గోడ పాకడానికి నానేటి బల్లినా, బాబూ? సూదెప్పుడేత్తావు?”

“సూది అక్కర్లేదు మామ్మా.”

“సూది నేకుండా వైద్దిగమేటి? బస్సెక్కి వచ్చేను నాయనా” అంటూ తిన్నగా డాక్టరుగారి గదిలోకి నడిచింది. నా రాజ్యం ఒక్క పూటైనా నిలవలేదనుకుంటూ వెనకాలే వెళ్ళాను. ఆయన తలెత్తకుండానే, “భుజాల సంగతి నాకు తెలీదమ్మా, ఆ బాబుకే తెలుసు” అన్నారు. అంత చదువుకున్న మనిషి నోట ‘తెలీదు’ అన్న మాట అంత తియ్యగా ఉంటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మామ్మ గొణుక్కుంటూనే గోడ పాకింది. వారం వారం వేళ్ళు పైకి వెళ్ళాయి. ఒకనాడు, “ఆదివారం మా సంగంలో సాచ్చెం సెప్తన్నాను, నువ్వు రావాల” అంది. దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకునే ఆ సాక్ష్యంలో, మైకులో నా పేరు వినబోతున్నానని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ ప్రభువుకి వందనాలు చెప్పింది, డాక్టరుగారికి చెప్పింది, “ఆ ఆసుపత్రి గోడక్కూడా” అంది. అందరూ నవ్వారు. నా పేరు రాలేదు. (ఆవిడకు తెలిస్తే కదా.) తర్వాత రెండు చేతులూ ఎత్తింది. సంఘమంతా కళ్ళు మూసుకుంటే నేనొక్కణ్ణే తెరిచి చూస్తున్నాను. కుడి చెయ్యి ఇంకా బెత్తెడు కిందే ఉంది.

ఇప్పుడు నా గది తలుపు మీద నా పేరుంది, చీటీ లేకుండానే జనం వస్తున్నారు. డాక్టరుగారూ లేరు, మామ్మా లేదు. అయినా ఎవరి చెయ్యైనా పైకి లేచినప్పుడల్లా, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బల్ల మీద కూర్చున్న అప్పటి ఆ కుర్రాడి పక్కన కాసేపు కూర్చుని రావాలనిపిస్తుంది. పేరు వినబడలేదన్న సంగతే మరిచిపోయి, ఆ బెత్తెడు కోసం సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినవాడు వాడు.