సుగుణమ్మ బాస్ గిటారుకు కుదిరిన పెట్టె

అది రెండువేల ఇరవై మూడు. వానలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. కోదాడలో మాది స్పీకర్ పెట్టెల కొట్టు. మా ఆయన ప్లైవుడ్ కోసి డబ్బాలు బిగిస్తాడు. చిరిగిన స్పీకర్లకు కొత్త కోను అతికించడం, లోపల వైర్లు కలపడం నా పని. కోను అంటే స్పీకరులో అదిరే కాగితపు గిన్నె. నేను చదివింది నాలుగో తరగతే. కానీ ఏ పెట్టె ఎవరికిచ్చామో, దానికి ఏ రంగు వేశామో అడగండి, ఇప్పటికీ చెప్తాను.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఊరేగింపు డీజేల వాళ్ళు. సూర్యాపేట నుంచి వస్తారు, మిర్యాలగూడ నుంచీ వస్తారు. మా వైపు పెట్టెను చూసుకునే పద్ధతి ఒకటుంది. కొనేవాడు పెట్టె ముందు నిలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటాడు. మేము డప్పు దెబ్బ ఉన్న పాట వేస్తాం. చేతికి గట్టిగా తగిలితే అది మంచి పెట్టె. ఇరవై ఏళ్ళు అట్లాగే అమ్మాం.

ఒక గురువారం నడిగూడెం నుంచి సుగుణమ్మ వచ్చింది. అంగన్‌వాడీ టీచరు, నలభై ఏళ్ళుంటాయి. భుజాన పొడుగాటి సంచి, అందులో బాస్ గిటారు. నాలుగు లావు తీగలుంటాయి దానికి, పాట అడుగున నడిచే మంద్రస్వరం దానిది. ఆదివారాలు వాళ్ళ చర్చిలో వాయిస్తుంది. అప్పటిదాకా ఆ గిటారును కూడా పాడేవాళ్ళ మైకుల పెట్టెలకే తగిలించారట. అవి గొంతు కోసం చేసిన పెట్టెలు. లావు తీగ మోగేసరికి ఉక్కిరిబిక్కిరై, పాటలో మాటలన్నీ ముద్దయిపోయేవి. వెనక కూర్చునే ముసలివాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వాళ్ళ సంఘపెద్ద దావీదు గారు, ఈ ఆదివారం ఒక్కటి చూస్తాను, అప్పటికీ మాటలు వినపడకపోతే గిటారు ఇంట్లో పెట్టుకోమన్నాడు.

"పదకొండేండ్ల సంది వాయిస్తున్న అక్కా. ఆయనది తప్పు లేదు. పాట ఆగమైతుంటే ఎవరైనా అదే అంటరు," అంది సుగుణమ్మ. నిదానంగానే చెప్పింది కానీ సంచి మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

నాకు పాపమనిపించి, మా కొట్లో అన్నిటికన్నా పెద్దది చూపించాను. పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు రెండున్న పెట్టె. పాట వేసి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకోమన్నాను. ఆమె చేతులు కట్టుకుని పాటంతా విని, తన గిటారు తగిలించి చూడొచ్చా అని అడిగింది.

పాటేమీ వాయించలేదు. అన్నిటికన్నా లావు తీగ పట్టుకుని, గిటారు మెడ మీది మెట్లను కింది నుంచి ఒక్కోటే నొక్కుకుంటూ వచ్చింది. నొక్కడం, ఆగడం, వినడం, మళ్ళీ పై మెట్టు. మీటేది ఒకటే బలంతో. ఒక స్వరానికి షట్టరు దడదడలాడింది. దాని పక్కది ఉందో లేదో తెలియలేదు. నా చేతిలో జిగురు డబ్బా అట్లాగే ఉండిపోయింది.

"ఈ డబ్బా రెండు మూడు సురాలే పలుకుతది అక్కా. మిగతావి మింగుతది."

మా ఆయనకు రోషమొచ్చింది. "మిర్యాలగూడోళ్ళు గీ పెట్టె కోసం నెల ముందే చెప్పుకుంటరమ్మా."

"వాళ్ళకు డప్పు దెబ్బ కావాలన్నా. నాది మెట్లెక్కినట్టు ఎక్కాలె. నడుమ ఒక మెట్టు లేకుంటె కింద పడ్తం గద."

నాకు సిగ్గేసింది. పెట్టె ముందుండే రంధ్రాన్ని పోర్ట్ అంటాం. దాని కొలతను బట్టి కొన్ని స్వరాలు ఉబ్బుతాయి. డప్పు దెబ్బ ఉబ్బాలని మేమే అట్లా కోశాం. మిగతా స్వరాలు ఏమైపోతున్నాయో ఇన్నేళ్ళలో ఒక్కనాడూ వినలేదు.

పదిహేను అంగుళాలది పెట్టాం. కొంత నయం. అప్పుడామె మూలనున్న ఇంకో పెట్టెను చూసింది. పది అంగుళాల స్పీకర్లు నాలుగు, పోర్ట్ లేకుండా అన్ని వైపులా మూసేసిన పెట్టె. చేయించుకున్న మనిషి మళ్ళీ రాలేదు.

"దాని ముందర నిలబడితే చొక్కా గుండీ గూడ కదలదు," అన్నాడు మా ఆయన.

"నేను వాయించేది చొక్కాలకు కాదన్నా, పాడేటోళ్ళకు."

ప్రతి మెట్టూ ఒక్క తీరుగా పలికింది. ఆమె అంతటితో వదల్లేదు. గిటారు నా మెళ్ళో వేసి, ఎక్కడ నొక్కాలో చూపించి, తను రోడ్డు దాటి ఆటోల వెనక కళ్ళు మూసుకుని నిలబడింది. వాళ్ళ వెనక వరుస అంత దూరమే ఉంటుందట. తిరిగొచ్చి, ఇదే కావాలంది.

సూర్యాపేటలో కొన్న ఆమె యాంప్లిఫయరు వెనక నాలుగు ఓమ్స్ అని రాసి ఉంది. అంతకన్నా తక్కువ ఓమ్స్ పెట్టె తగిలిస్తే యాంప్లిఫయరు మీద బరువెక్కువై కాలిపోతుంది. ఒక్కో స్పీకరు ఎనిమిది ఓమ్స్. నాలుగూ పక్కపక్కన కలిపితే రెండుకు పడిపోతాయి. అందుకని ఒకదాని వెనక ఒకటిగా రెండు జంటలు కట్టి, ఆ జంటలను పక్కపక్కన కలిపి ఎనిమిదికి తెచ్చాను. ఎక్కాలు సరిగ్గా రావు కానీ ఈ లెక్క మాత్రం నాకు నోటికొచ్చు.

ఆదివారం పెట్టెతో పాటు నేనూ వెళ్ళాను. రేకుల చర్చి. మొదటి పాటలో ఒక స్వరం దగ్గర పైరేకులు గలగలమన్నాయి. దావీదు గారు తల తిప్పి చూశాడు. సుగుణమ్మ ముఖం మారలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి కనిపెట్టాను: ఆ తర్వాత ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ చెయ్యి సన్నతీగ మీదికి జరిపి, అదే స్వరాన్ని పై స్థాయిలో పలికించింది. పాడేవాళ్ళకు సంగతే తెలియదు. పాట అయ్యాక ఇద్దరం పెట్టెను గోడకు దూరంగా జరిపాం, గలగల తగ్గింది.

మూడు పాటలయ్యాక దావీదు గారు చివరి వరుసలో కూర్చున్న మరియమ్మవ్వను, మాటలు వినపడుతున్నాయా అని అడిగాడు.

"మంచిగ ఇనొస్తున్నయ్ బిడ్డా. ఇయ్యాల గిటారు బందు పెట్టిన్రు గద."

అందరూ నవ్వారు. దావీదు గారు నవ్వలేదు. తర్వాతి పాటకు వాయించకుండా ఉండమని సుగుణమ్మకు చెప్పాడు. ఆమె తీగల మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. రెండో చరణానికే ముందు వరుసల చప్పట్లు పరుగెత్తాయి, వెనక వరుసలు వెనకబడ్డాయి. పాట ఎత్తుకున్న దావీదు గారే మధ్యలో ఆగిపోయాడు.

"అమ్మా సుగుణా, నువ్వు అందుకో," అన్నాడు.

ఆమె అందుకుంది. ముందువాళ్ళూ వెనకవాళ్ళూ ఒక్క నడకలోకి వచ్చారు. గిటారు ఇంట్లో పెట్టుకోమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మోతను గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. పదిమంది పాటను మోస్తూ కూడా తను వినపడాలని కోరని స్వరం ఒకటుంటుందని నాకు సుగుణమ్మ దగ్గరే తెలిసింది. ఇప్పుడు ఎవరు వాయిద్యం పట్టుకుని వచ్చినా, పెట్టె ఎంత పెద్దది కావాలని అడగను. మీ పాట వినేవాళ్ళు ఎవరమ్మా, ఎంత దూరంలో కూర్చుంటారు అని అడుగుతాను.