రోజారమణి చేతి మీద పీత

విడవలూరు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసే రోజారమణి, నలభై రెండేళ్ల వయసులో నెల్లూరు వెళ్లి కుడి ముంజేతి మీద పీత బొమ్మ వేయించుకుంది.

"పీతకి అర్థమేందక్కా? మీ రాశా?" అని అడిగినాడు టాటూ వేసే అతను.

"రాశీ లేదు, ఏం లేదబ్బయా. చూసేదానికి బాగుండాది."

ఇంట్లో ఆ జవాబు సరిపోలేదు. భర్త ప్రసాద్ మూడో రోజు అన్నం దగ్గర అడిగేశాడు.

"ఎవురి గుర్తు అది?"

రోజారమణి ఎడమ చెయ్యి చాపింది. పెళ్లయిన ఏడాదే అత్త పొడిపించిన ప్రసాద్ పేరు అక్కడ పచ్చగా అలుక్కుపోయి ఉంది.

"ఇది నాకిష్టమా అని ఆరోజు ఒకరూ అడగలా. నేనుగా వేయించుకున్నదానికి మాత్రం అందరికీ అర్థం కావాల. పీత పీతే. కూర పోసుకో."

ప్రసాద్ కూర పోసుకున్నాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

షెడ్డులో ఆడవాళ్లు మాత్రం వదల్లేదు. విసుగెత్తి ఆమె ఒకరికి మొక్కు అని, మరొకరికి దిష్టి తగలకుండా అని చెప్పింది. వాళ్లు వెంటనే నమ్మారు. బాగుందని వేయించుకున్నానంటే మాత్రం ఇప్పటికీ నవ్వి, "నిజం చెప్పక్కా" అంటారు.