సరోజమ్మగారు పట్టిన స్టీరింగ్

ఈ రోజు మధ్యాహ్నం నా పాత అమెరికన్ మజిల్ కారులో (పెద్ద ఇంజను, రెండే తలుపులు ఉండే రకం) వేలూరు నుంచి గుడియాత్తం వెళ్ళాను. పన్నెండేళ్ళ క్రితం నాకు దాన్ని అమ్మిన అక్కడి రైతు ఈమధ్యే చనిపోయారు. ఆయన భార్య సరోజమ్మగారు ఒకసారి కారు చూడాలని కబురు పెట్టారు.

ఓడలో దిగుమతి అయిన బండి కాబట్టి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. డెబ్బై దాటిన ఆమె కుడివైపు సీట్లో కూర్చుని డాష్‌బోర్డు నిమిరారు.

"నేను ఈ పక్క కూచోని పోతా ఉంటే చూసినోళ్ళంతా నేనే తోల్తా ఉండానని అనుకొనేవాళ్ళు నాయనా. ఆయన ఒక్క దినం కూడా స్టీరింగు పట్టుకోనీలేదు."

"ఇప్పుడు పట్టుకోండమ్మా" అన్నాను.

"నిజంగానే చెప్తా ఉండావా?"

ఇంటి పక్కన వేరుశనక్కాయలు ఎత్తేసిన కళ్ళం ఖాళీగా ఉంది. ఆమెను ఎడమవైపు సీట్లోకి మార్చి, క్లచ్ అందడానికి వీపు వెనక దిండు పెట్టి, ఏది ఎప్పుడు తొక్కాలో చెప్పాను. ఇంజను గర్జించింది. కారు పది అడుగులు కదిలి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఆమె మాత్రం స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు. కళ్ళం గోడ అవతల రోడ్డునే చూస్తూ ఉండిపోయారు.

"ఆలంగాయం కొండల దాకా నేనే తోలుకొని పోవాలని ఎంత ఆశో నాయనా!"

ఆయనలాగే నేనూ ఈ కారును ఎవరినీ ముట్టనీయకుండా కాపాడుకుంటూ వచ్చాను, మా ఆవిడతో సహా. మా ఆవిడకు తెలుగు చదవడం రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మీ ఇంట్లో బండి తాళం ఎవరి దగ్గరుంటుంది?