గోళ్లు చూసే గాజులామె

బోధన్‌లో గాజులమ్మే అక్తరున్నీసాకు ఆడవాళ్ల ముఖాలకన్నా చేతులే బాగా గుర్తు. అరచేతిని మెల్లగా పిసికి గాజు ఎక్కించేలోపు ఆమె కళ్లు గోళ్ల మీదే ఉంటాయి. పసుపుకు పచ్చబడిన గోళ్లను పట్టించుకోదు. దెబ్బకు నల్లబడితే, "గోరుతోటే పెరిగి పోతది" అని ధైర్యం చెబుతుంది. చెరుకు కొట్టే లింగవ్వ చెల్లెలి పెళ్లికని గాజులేయించుకోవడానికి వచ్చినప్పుడు, ఆమె గోళ్లు గోరింటాకుతో ఎర్రగా ఉన్నాయి. కొత్తగా పెరిగిన మొదళ్లు మాత్రం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి.

"ఆయాసమొస్తదా లింగవ్వా?"

"నాలుగడుగులేస్తే సాలు, గుండె దడదడ కొట్టుకుంటదక్కా."

అక్తరున్నీసా గాజుల మూట కట్టేసింది. "ఇయ్యాల గాజులెయ్య. ముందుగాల దవాఖానకు పోయి డాక్టరుకు గీ గోళ్లు సూపియ్యి."

"పాత గాజులతోటే పెండ్లికి పొమ్మంటవా?" అని లింగవ్వ విసురుగా లేచిపోయింది.

నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది. ఒంట్లో నెత్తురు లేదని డాక్టరు చెప్పాడట, మందిచ్చాడట. రెండు చేతులూ అక్తరున్నీసా ఒళ్లో పెట్టింది. గోళ్లు మొదలు నుంచి కొస దాకా లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"గాజులు తర్వాత ఎయ్యక్కా, ముందుగాల సూడు. నీకు సూపిద్దామనే గీసారి గోరింటాకు పెట్టుకోలే."